మంచుమందు గది బయట

బీర్‌గావ్,
రాయ్‌పూర్, 28 ఆగస్టు 2007, మంగళవారం ఉదయం

లహరికి అత్తయ్య దీవెనలు.

యుగంధర్ ఫ్యాక్టరీకి వెళ్లే ముందు ఆసుపత్రిలో ఆగి ఈ క్యారియర్ ఇస్తాడు. పై గిన్నెలో అన్నం, నడిమి గిన్నెలో ఆనపకాయ పప్పు, అడుగున పెరుగు. నిన్న గిన్నెలు సగం అన్నంతో తిరిగొచ్చాయి. పిల్ల మంచాన పడి ఉంటే తిండి సయించదని నాకూ తెలుసు. అయినా తినాలి. నువ్వు కూడా పడిపోతే ఇంకో మంచం అడగాల్సి వస్తుంది.

ఆ వార్డులోకి ఫోను తీసుకెళ్లనివ్వరు. యుగంధర్‌ని అడిగితే "బాగానే ఉందమ్మా" అంటాడు. చిన్నప్పుడు లెక్కల పరీక్ష రాసొచ్చినప్పుడూ అదే మాట అనేవాడు, మార్కులు మాత్రం వేరేగా చెప్పేవి. అందుకని గిన్నెలతో పాటు నాకు కాగితం మీద కబురు పంపు.

నిన్న సాయంత్రం డాక్టరు మనిద్దరికీ హిందీలో చెప్పినదాంట్లో నాకు అర్థమైనంత ఇక్కడ రాస్తున్నాను. తప్పుంటే దిద్దు. భావన ఊపిరితిత్తుల్లో చేరింది వైరస్ జబ్బు. చాలామంది పిల్లలు దీన్ని జలుబులాగే దాటేస్తారు. మన పిల్లకి పుట్టుకతో గుండెలో చిన్న రంధ్రం ఉంది, పైగా ఏడు నెలలే, అందుకని ఎగ ఊపిరి పట్టుకుంది. ఈ వైరస్ మీద పనిచేసే మందు ఒకటే ఉంది. దాన్ని సూదితో ఎక్కించరు, గొంతులో పొయ్యరు. యంత్రంలో పోసి సన్నటి మంచులా చేసి పిల్ల పీల్చేలా పెడతారు. అందరికీ వాడరు, ఇలాంటి పిల్లలకే, అదీ ఆలోచించుకుని. ముంబై నుంచి తెప్పించారు. తప్పకుండా నయమవుతుందని ఆయన అనలేదు. అనకపోవడం వల్లే నాకు ఆయన మీద నమ్మకం కుదిరింది.

ఇంకో మాట. గది బయట సిస్టర్ కాగితం పట్టుకుని "కడుపుతో ఉన్నావా" అని అడిగితే నువ్వు ఏదో గొణిగావు. ఆవిడకి వినపడక మళ్లీ అడిగింది. చివరికి "నహీ" అని నేనే గట్టిగా చెప్పాల్సి వచ్చింది. ఆసుపత్రిలో నోరు తెరిచి స్పష్టంగా మాట్లాడాలి.

గిన్నెలు కడగకుండానే పంపెయ్. అక్కడి నీళ్లతో వద్దు.

సరోజిని


ఆసుపత్రి, శంకర్ నగర్,
మంగళవారం సాయంత్రం

అత్తయ్యగారికి లహరి నమస్కారాలు.

మీరు రాసిన దాంట్లో దిద్దవలసింది ఏమీ లేదు. మీరు పక్కన కూర్చుని రాసినట్టే ఉంది.

పిల్ల తలకీ భుజాలకీ కప్పేలా అద్దంలాంటి ప్లాస్టిక్ గుమ్మటం పెట్టారు. యంత్రంలోంచి వచ్చిన మంచు అందులో నిండుతుంది. మన ఉర్లా ఫ్యాక్టరీల రోడ్డు మీద పొద్దున్నే పొగ దిగుతుంది కదా, అలాగ. లోపల భావన మొహం ఒకసారి కనపడుతుంది, ఒకసారి కనపడదు. రోజులో ఎక్కువ సేపు ఇలాగే ఉంచుతారట. మధ్యలో పాలకి మాత్రం తీస్తారు. నోటితో తాగే ఓపిక లేదు, ముక్కు గొట్టంలోంచి పోస్తున్నారు. కనురెప్పల మీద తెల్లగా మందు పేరుకుంటోంది. తడిగుడ్డతో తుడుస్తున్నాను. తుడిచినప్పుడల్లా నన్ను కోపంగా చూస్తోంది. మీ చూపే.

గుమ్మటం అంచు కిందనుంచి చెయ్యి పెట్టి వేలు ఇస్తే పట్టుకుంటుంది. వదిలితే ఏడుస్తుంది. ఏడిస్తే ఊపిరి ఇంకా ఎగుస్తుంది. అందుకని వదలడం లేదు.

ఆ మంచు కొంచెం గదిలోకి కూడా వస్తుంది. నాలిక మీద తెలుస్తోంది. తలుపు మీద సిస్టర్ ఎర్ర కాగితం అంటించింది.

అత్తయ్యా, నేను ఎప్పుడూ మిమ్మల్ని ఇలా అడగలేదు. రేపటి నుంచి లోపల మీరు కూర్చుంటారా? నేను ఇంటి పని చూసుకుంటాను.

లహరి


బీర్‌గావ్,
మంగళవారం, ఎనిమిదైంది

లహరికి దీవెనలు.

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. నువ్వు అడిగింది నాకు నచ్చలేదని దాచకుండా చెబుతున్నాను. నేను రాలేక కాదు. మోకాళ్లు నొప్పులే, అయినా కూర్చోవడానికి మోకాళ్లతో పని లేదు. పాలు తాగే పిల్ల తల్లి వాసన పట్టి ఉంటుంది. నీ వేలు వదిలితే ఊపిరి ఎగుస్తుందని నువ్వే రాశావు. ఆ వేలు నాది ఎలా అవుతుంది?

నీకు భయం వేస్తోంది. వెయ్యడం సహజమే. తలుపు దగ్గర నిలబడి దేవుణ్ణి తలుచుకుని మళ్లీ లోపలికి వెళ్లు. నాలుగు రోజులు ఓర్చుకో.

ఎర్ర కాగితం మీద ఏం రాసి ఉందో రాయలేదు. విషయం సగంలో ఆపి ఉత్తరం ముగించకూడదు.

ఈ పూట చారు, బంగాళదుంప వేపుడు. పప్పు ముట్టడం లేదని మార్చాను.

సరోజిని


ఆసుపత్రి,
బుధవారం ఉదయం

అత్తయ్యగారికి,

ఎర్ర కాగితం మీద రాసి ఉన్నది ఇది. కడుపుతో ఉన్నవాళ్లు ఈ గదిలోకి రాకూడదు.

నాకు రెండో నెల.

నోటితో చెప్పలేకపోయాను. ఇన్నాళ్లూ పాలిస్తున్నాను కదా, అందుకే నెల తప్పిందనుకున్నాను. తర్వాత వికారం మొదలైంది. ఈయనకి కూడా చెప్పలేదు. భావన కంటే ముందు రెండో నెలలోనే అందరికీ చెప్పుకుని, స్వీట్లు పంచాక, ఆ కడుపు పోయింది. అప్పుడు మీరు, మూడో నెల నిండేదాకా ఇంట్లో ఎవరి చెవినా పడకూడదు, నాకు కూడా చెప్పొద్దు అన్నారు. భావన అప్పుడు అలాగే చేశాను, నిలిచింది. ఈసారీ అలాగే అనుకున్నాను. సిస్టర్ అడిగినప్పుడు మీరు పక్కనే ఉన్నారు. మీరు "నహీ" అన్నాక ఇంక నేను "హా" ఎలా అనను?

అదొక్కటే కారణమని కూడా చెప్పను. అవునంటే నన్ను బయటికి పంపేస్తారు. భావన ఒక్కతే ఆ గుమ్మటంలో ఉంటుంది. లోపలున్న పిల్లకి నా వేలు కావాలి. కడుపులో ఉన్నదానికి నేను ఆ గదిలో ఉండకూడదు. నేనెవరిని వదలను? పొద్దుటి నుంచి తలుపు దాకా వెళ్లి మళ్లీ వచ్చి కూర్చుంటున్నాను.

ఈయన చేతికి కాగితం మడిచి ఇస్తున్నాను. మీరు చదివాక తిట్టండి. ముందు రండి.

లహరి


ఆసుపత్రి,
బుధవారం సాయంత్రం

లహరికి,

నువ్వు ఇల్లు చేరి, తలారా స్నానం చేసి, ఆ బట్టలు విడిగా ఉడకబెట్టి ఉంటావని అనుకుంటున్నాను. చెయ్యకపోతే ఇది చదవడం ఆపి ఆ పని చూడు.

వరండాలో నేను నీతో ఒక్క మాట మాట్లాడలేదు. నీ మొహం వైపు చూడలేదు. కోపం అని నువ్వు అనుకుని ఉంటావు. కోపమే. ఎవరి మీదో ఆటోలో తేల్చుకోలేకపోయాను. ఇప్పుడు తేలింది. రెండోసారి అడిగినప్పుడు సిస్టర్ నిన్ను అడిగింది, నన్ను కాదు. జవాబు నేను చెప్పాను. నాకు తెలియని విషయం తెలిసినట్టు గట్టిగా చెప్పాను. ముప్పై ఏళ్లు రైల్వే బడిలో పిల్లలకి లెక్కలు చెప్పినదాన్ని, లెక్క కట్టకుండా అంకె జవాబులో రాస్తే ఊరుకునేదాన్ని కాదు.

డాక్టరుతో మాట్లాడాను. ఆయన చెప్పిన మాటలే రాస్తున్నాను, నా మాట కలపకుండా. ఈ మందు జంతువుల కడుపులో పిల్లలకి హాని చేసింది. మనుషుల్లో, అందులోనూ గదిలో కూర్చుని పీల్చినవాళ్లకి, అలా జరిగిందని గట్టి రుజువు లేదు. జరగదనీ ఆయన చెప్పలేరు. అందుకే ఆ కాగితం. నీ ఒంట్లోకి పోయింది పిల్ల పీల్చేదాంట్లో చాలా కొంచెం. ఇక గదిలోకి రావద్దు. ఆడ డాక్టరు దగ్గర చూపించుకోవాలి, అయిదో నెలలో స్కానింగ్ శ్రద్ధగా చేయించాలి. ఆయన నిన్ను ఒక్క మాట అనలేదు. సిస్టర్ మాత్రం నన్ను చూసి తల అడ్డంగా ఊపింది. ఊపనిచ్చాను.

యుగంధర్‌కి నేనే చెప్పాను. మెట్ల మీద కూర్చుండిపోయాడు. తర్వాత లేచి నీకు కొబ్బరి బోండాలు కొనడానికి వెళ్లాడు. మగవాళ్లకి ఏదో ఒకటి కొనాలి.

భావన నా వేలు పట్టుకోలేదు. మూడుసార్లు తోసేసింది. నాలుగోసారి నీ చీర కొంగు ముక్క వేలికి చుట్టి ఇచ్చాను. అనుమానంగా పట్టుకుంది.

నీ అత్తయ్య


బీర్‌గావ్,
గురువారం ఉదయం

అత్తయ్యా, నమస్కారాలు.

స్నానం చేశాను. బట్టలు ఉడకబెట్టాను. బోండాలు ఆరు తెచ్చారు, నేనేమైనా దుకాణం పెట్టానా?

మీరు తిడతారని సిద్ధంగా ఉన్నాను. తిట్టకపోయేసరికి ఎక్కడ కూర్చోవాలో తెలియలేదు. ఇల్లంతా తుడిచాను. మేడ మీద నల్ల దుమ్ము తుడిచాను. తెల్లారేసరికి మళ్లీ పడింది, మళ్లీ తుడిచాను. ఏం చేస్తున్నా కుడి చెయ్యి ఊరికే ఉన్నట్టుంటోంది.

క్యారియర్ నేను సర్దాను. మీలా అన్నం అణిచి పెట్టడం నాకు రాదు, ఒలికి ఉంటుంది.

ఒక్కటే అడుగుతున్నాను. ఈయన చెప్పేది నేను నమ్మను. మీరు తూకం వేసినట్టు రాస్తారు. బాగుంటే బాగుందని, లేకపోతే లేదని రాయండి. తగ్గించి రాయకండి. నేను లోపల లేను, మీ కళ్లే నాకు కళ్లు. అవి నాకు అబద్ధం చూపిస్తే ఇంక నాకేమీ లేదు.

లహరి


ఆసుపత్రి,
గురువారం సాయంత్రం

చి.సౌ. లహరికి దీవెనలు.

అడిగావు కనక ఉన్నదున్నట్టు. జ్వరం తగ్గలేదు. ఊపిరి నిమిషానికి డెబ్బై దాకా ఉంది, ఉండవలసిన దానికంటే చాలా ఎక్కువ. పక్కటెముకల మధ్య లోపలికి గుంట పడుతోంది. పాలు నిలుస్తున్నాయి. మందు మొదలెట్టి మూడు రోజులే కనక ఇంకా ఏమీ అనలేమన్నాడు డాక్టరు.

పగలు కరెంటు పోయి, జనరేటర్ అందుకునేలోగా యంత్రం ఆగింది. గుమ్మటంలో మంచు విడిపోయి పిల్ల మొహం స్పష్టంగా కనపడింది. అది చుట్టూ చూసి, నన్ను చూసి, నువ్వెందుకున్నావు అన్నట్టు పెదవి విరిచింది. నాకు ఆ విరుపు బలం ఉందనిపించింది. ఇది నా అభిప్రాయం, డాక్టరు చెప్పింది కాదు.

బయట వార్డులోకి ఆరంగ్ ఊరి నుంచి ఒక పిల్లవాణ్ణి తెచ్చారు. వాడి నాయనమ్మ నా ఈడుది. నన్ను "గురూజీ బాయి" అంటోంది. నేను టీచర్నని ఎవరు చెప్పారంటే, "నువ్వు సిస్టర్ని కూడా నిలబెట్టి అడుగుతున్నావుగా" అంది.

అన్నం ఒలకలేదు. ఉప్పు ఎక్కువైంది.

నీ అత్తయ్య


ఆసుపత్రి,
శుక్రవారం సాయంత్రం

చి.సౌ. లహరికి,

ఈ రోజు కూడా నిన్నటిలాగే ఉంది. పెద్ద మార్పు లేదు. డాక్టరు రెండుసార్లు చూశారు. నువ్వు వేళకి తిను, పడుకో. అలసటగా ఉండి ఎక్కువ రాయలేకపోతున్నాను.

సరోజిని


బీర్‌గావ్,
శనివారం ఉదయం

అత్తయ్యగారికి,

మీ ఉత్తరంలో ఒక్క అంకె లేదు. ఉప్పు గురించి లేదు. చివర "నీ అత్తయ్య" అని కూడా లేదు. మీరు రాసిన ఉత్తరమేనా అని చేతిరాత చూశాను.

ఈయన్ని అడిగితే "బాగానే ఉంది" అంటూ చెప్పులు విప్పకుండా దేవుడి గదిలోకి వెళ్లారు. ఆ చెప్పులు చూసి నాకు తెలిసింది. గద్దించి అడిగాను. పిల్ల పెదాలు నీలంగా మారాయని, గుమ్మటం తీసి చాలా సేపు అంబూ సంచి నొక్కి ఊపిరి అందించారని, గొంతులో గొట్టం వేసి ఊపిరి మర మీద పెట్టాలేమో అని పక్క గది సిద్ధం చేశారని చెప్పారు. మీరు గోడకి ఆనుకుని నిలబడిపోయారట.

నేను దాచాను. దాచినందుకు వరండాలో మీరు నా మొహం చూడలేదు. మరి మీరు? నేను అడిగింది ఒక్కటే కదా. నేను కడుపుతో ఉన్నాను, రాయిని కాదు, అలాగని గాజుబొమ్మనీ కాదు. నా పిల్ల పోతుంటే నేను ఇక్కడ గిన్నెలు తోముకుంటూ ఉండాలా? మీరు తుడిచి ఇచ్చిన ఉత్తరం చదువుకుని నిన్న నేను నిద్రపోయాను. హాయిగా నిద్రపోయాను అత్తయ్యా. అది మీరు నాకు చేసిన అన్యాయం.

ఎర్ర కాగితం ఉన్న తలుపు దాటి రానని ఒట్టు వేస్తున్నాను. వరండాలో మాత్రం కూర్చుంటాను. ఈయనతో పాటు ఇప్పుడే బయలుదేరుతున్నాను. ఇది మీకు లోపలికి పంపిస్తాను. జవాబు రాసి ఇవ్వండి.

లహరి


ఆసుపత్రి, గది లోపల,
శనివారం మధ్యాహ్నం

తల్లీ,

సిస్టర్ కాగితం తెచ్చి ఇచ్చి తలుపు అద్దంలోంచి నిన్ను చూపించింది. బల్ల మీద నిటారుగా కూర్చున్నావు. చూశాను. నువ్వూ నన్ను చూశావు.

నిన్న నేను రాసింది అబద్ధం. ఎందుకు రాశానో చెబుతాను, చెప్పినంత మాత్రాన సరిపోదు. నిన్న సాయంత్రం నేను కలం పట్టుకుని, "పెదాలు" అని రాసి ఆగిపోయాను. తర్వాతి మాట రాస్తే అది నిజమైపోతుందనిపించింది. ఆ కాగితం చింపేశాను. నువ్వు బాధపడతావని దాచానంటే అది గొప్పగా ఉంటుంది. నాకు భయం వేసి దాచాను. ఇక దాచను.

ఇప్పుడు ఉన్నది ఉన్నట్టు. గొంతులో గొట్టం వెయ్యలేదు. నిన్న సాయంత్రం తర్వాత రంగు తిరిగింది. తెల్లారి మంచు మందు మళ్లీ పెట్టారు. ఊపిరి ఇప్పుడు అరవైకి దిగింది. నేనే లెక్కపెట్టాను, సిస్టర్ లెక్కతో సరిపోయింది. జ్వరం నూటికి వచ్చింది. గండం గడిచిందా అని డాక్టర్ని అడిగితే, "గడుస్తోంది" అన్నారు. ఆ మాటలో ఉన్నంతే నమ్ము.

ఇంకో సంగతి. ఆరంగ్ పిల్లవాడికి కూడా ఈ మందు మొదలుపెట్టాలన్నారు. సిస్టర్ మళ్లీ అదే కాగితం పట్టుకుని తలుపు దగ్గర నిలబడింది. ఆ కోడలు పిల్ల పద్దెనిమిదేళ్లది, తల మీద ముసుగు, పక్కనే అత్తగారు, వెనక మరిది. సిస్టర్ నోరు తెరిచేలోగా నేను లేచి వెళ్లాను. "ఈ ప్రశ్న అందరి ముందూ అడగొద్దు. మమ్మల్ని బయటికి పంపి, అమ్మాయిని ఒక్కదాన్నే పిలిచి అడుగు" అన్నాను. సిస్టర్ అందరినీ వరండాలోకి వెళ్లమంది, నన్ను కూడా.

బయట ఆ ముసలావిడ, "మా కోడల్ని లోపల ఏం అడుగుతోంది గురూజీ బాయీ?" అంది. "నీళ్లు కాచి తాగుతున్నారా అని" అన్నాను. "అది నన్ను అడగొచ్చుగా, కాచేది నేను" అంది కోపంగా. అయిదు నిమిషాల తర్వాత సిస్టర్ వచ్చి, పిల్లవాడి దగ్గర నాయనమ్మే కూర్చోవాలి, తల్లికి రక్తం తక్కువగా ఉంది అని చెప్పింది. కోడలు ముసుగు కిందనుంచి నా వైపు చూసింది. నేను చూడనట్టు గోడ మీద పంచాంగం చదివాను. ఇది నువ్వు ఎవరికీ చెప్పకు. ఆ పిల్ల ఎప్పుడు చెప్పాలో ఆ పిల్ల ఇష్టం.

ఇప్పుడు తలుపు అద్దం దగ్గరికి రా. భావన మొహం అటు తిప్పి పట్టుకుంటాను.

నీ అత్తయ్య


పలాస,
11 ఫిబ్రవరి 2008

అత్తయ్యా, నమస్కారాలు.

మీరు పంపిన భావన ఫోటో చేరింది. నిలబడింది అంటే నమ్మలేదు, స్టూలు పట్టుకుని నిజంగానే నిలబడింది. చలికాలం దగ్గులు తగ్గేదాకా రైల్లో పంపొద్దని డాక్టరు అన్న మాట నాకు గుర్తే. గుర్తున్నా ఫోటో తలగడ కింద పెట్టుకుంటున్నాను. ఇదేం బతుకో, ఒకదాని కోసం ఇంకోదానికి దూరంగా ఉండడమే అయిపోయింది.

పురిటికి వచ్చాక కూడా ఇక్కడ అమ్మకి ఆ మందు సంగతి చెప్పలేదు. అయిదో నెల స్కానింగులో చేతులు, కాళ్లు, వెన్ను, గుండె అన్నీ బాగున్నాయని రాయ్‌పూర్‌లో అన్నారు. ఆ కాగితం ఇప్పటికి ఎన్నిసార్లు చదివానో. అయినా రాత్రి కడుపులో కదలిక కాస్త ఆలస్యమైతే నాకు ఆ గది కనపడుతుంది. నాలిక మీద ఆ రుచి వస్తుంది. ఒకటిన్నర రోజు కూర్చున్నాను. తలుపు దాకా వెళ్లి వెనక్కి వచ్చి కూర్చున్నాను. ఎవరూ నన్ను కట్టెయ్యలేదు.

ఈ పిల్లకి ఏమైనా ఉంటే అప్పుడు మీరు నన్ను ఏమంటారు? ఊరడించడానికి రాయకండి. మీరు నిజంగా ఏమంటారో రాయండి.

లహరి


బీర్‌గావ్,
16 ఫిబ్రవరి 2008

చి.సౌ. లహరికి దీవెనలు.

నీ ప్రశ్నకి ఒక రోజు ఆగి జవాబు రాస్తున్నాను. ఆలోచించకుండా రాస్తే అది ఊరడింపే అవుతుంది.

భావన గుండెలో రంధ్రం ఎందుకు వచ్చిందో మనకి ఎవరూ చెప్పలేదు. నువ్వు ఏ మందూ పీల్చలేదు, ఏ గదిలోనూ కూర్చోలేదు. అయినా వచ్చింది. అప్పుడు నేను నిన్ను ఏమన్నాను? ఏ డాక్టరు మంచివాడని అడిగాను. ఎప్పుడు తీసుకెళ్లాలని అడిగాను. ఈ పిల్లకి ఏమైనా ఉంటే అవే రెండు ప్రశ్నలు అడుగుతాను. ఏమీ లేకపోతే అవీ అడగను. అంతకు మించి అనేది నా దగ్గర లేదు.

నువ్వు తలుపు దాకా వెళ్లి వెనక్కి వచ్చావని రాశావు. లోపల పిల్ల ఏడుస్తుంటే బయటికి నడిచి వెళ్లిపోయే తల్లిని నేను చూడలేదు. నువ్వు అలాంటిదానివి అయి ఉంటే నాకు ఇంకా భయం వేసేది.

మీ అమ్మగారికి చెప్పు. నేను చెప్పమన్నానని చెప్పు. ఆరు నెలలుగా ఇది మోస్తున్నది నువ్వొక్కదానివే, ఆవిడ కూడా కాస్త పట్టుకుంటుంది. తిడితే నన్ను తిట్టమను.

మొన్న భావనని డాక్టరుకి చూపించాం. గుండెలో రంధ్రం ఇంకా ఉంది, ముందుకంటే చిన్నదైంది. దానంతట అదే మూసుకోవచ్చు, చూద్దాం అన్నారు. ఆ మంచు మందు వల్లే పిల్ల నిలిచిందా అని ఆయన్ని సూటిగా అడిగాను. "మందు వల్లో, ఆక్సిజన్ వల్లో, పిల్ల మొండితనం వల్లో విడదీసి చెప్పలేను మాతాజీ" అన్నారు. ఆయన అలా అన్నప్పుడు భావన ఆయన స్టెతస్కోపు గొట్టం కొరుకుతోంది. నేను మూడోదానికి కాస్త ఎక్కువ మార్కులు వేశాను.

ఇక్కడ భావన గారి భాష పెరిగింది. యుగంధర్‌ని "పాపా" అంటుంది, నన్ను "అరే" అంటుంది. పక్కింటివాళ్ల దగ్గర నేర్చుకుంది. దిద్దుతున్నాను, లొంగడం లేదు.

నీ అత్తయ్య


పలాస,
14 ఏప్రిల్ 2008

అత్తయ్యా,

ఫోనులో ఈయనకి చెప్పేశాను, మీకూ చెప్పి ఉంటారు. కానీ మీకు కాగితం మీద చెప్పాలనిపించింది.

మొన్న మధ్యాహ్నం బాబు పుట్టాడు. ఏడ్చాడు, గట్టిగా. నాకు మత్తు దిగిందో లేదో, వాణ్ణి నా పక్కన పడుకోబెట్టించుకుని గుడ్డలన్నీ విప్పేశాను. ఆసుపత్రి ఆయా దాలమ్మ "చలి పెడుతుందే పిచ్చిదానా" అని అరుస్తోంది. ఏప్రిల్‌లో చలేమిటి? వేళ్లు చూశాను. చెవులు చూశాను. అంగిలి చూశాను. వెన్ను మీద వేలితో రాసి చూశాను. పిల్లల డాక్టరమ్మ గుండె విని బాగుంది అంది. ఇంకోసారి వినమన్నాను. విని బాగుంది అంది. మూడోసారి అడిగితే స్టెతస్కోపు నా చెవులకే పెట్టింది. నాకేం తెలుస్తుంది, గుర్రం పరిగెడుతున్నట్టుంది. కానీ మధ్యలో ఈలలాంటి చప్పుడు లేదు. భావనకి ఉండేది, నాకు గుర్తు.

అమ్మకి అప్పుడే చెప్పాను, మీరు చెప్పమన్నప్పుడే. తిట్టింది, మిమ్మల్ని కాదు నన్నే. తర్వాత ఆ రాత్రి నుంచి నా పక్కనే పడుకుంది.

రంగు నలుపు, మీ అబ్బాయి పోలిక. కోపం మాత్రం ఎవరిదో ఇంకా తెలియలేదు.

భావనని చూడాలి అత్తయ్యా. ఇంకేమీ వద్దు. ఇప్పుడు ఏ తలుపు మీదా ఏ కాగితమూ లేదు కదా.

లహరి


బీర్‌గావ్,
18 ఏప్రిల్ 2008

చి.సౌ. లహరికి, బాబుకి దీవెనలు.

నీ ఉత్తరం యుగంధర్‌కి చదివి వినిపించబోయాను. వేళ్లు, చెవులు దాకా చదివి కాగితం వాడికే ఇచ్చాను. మిగతాది వాడే పూర్తి చేశాడు. తర్వాత ఇద్దరం టీ తాగాం.

డాక్టరు భావనకి ప్రయాణం పరవాలేదన్నారు. దగ్గు లేదు, ఊపిరి మామూలుగా ఉంది. యుగంధర్‌కి సెలవు దొరకలేదు, నేనే తీసుకొస్తున్నాను. బుధవారం రైలెక్కుతాం, గురువారం పలాస. మీ నాన్నగారిని స్టేషన్‌కి పంపు, పిల్లని ఎత్తుకుని సామాను మొయ్యడం నావల్ల కాదు. ఎండలో నువ్వు రావద్దు, పచ్చి బాలింతవి.

ఒక మాట ముందే చెబుతున్నాను, మనసులో పెట్టుకో. నువ్వు వెళ్లి మూడు నెలలు దాటింది. దాని వయసుకి అది చాలా ఎక్కువ. నీ ఫోటో రోజూ చూపించాను, "అమ్మ" అని నేర్పాను. ఫోటోని అమ్మ అంటుంది. నిన్ను చూసి అంటుందో లేదో నేను చెప్పలేను. నా భుజం వదలకపోవచ్చు. నీ ఒళ్లో తమ్ముణ్ణి చూసి మొహం తిప్పుకోవచ్చు. నొచ్చుకోకు, పిలిచి పిలిచి అలిసిపోకు. దాని పాటికి దాన్ని చూడనియ్యి.

నీ దగ్గరికి దానంతట అది వచ్చేదాకా నేను పలాసలో ఉంటాను. ఎన్నాళ్లు పట్టినా సరే. వచ్చి నీ ఒళ్లో నిద్రపోయిన మర్నాడు తిరుగు రైలెక్కుతాను.

నీ అత్తయ్య